రాళ్ళెక్కే క్లైంబర్లు వచ్చే కొండని మూసెయ్యాలా, నడపాలా? నడిపితే ఊరికి ఏమొస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: మీ ఊరి పక్క కొండ మీద ముప్పై నలభై రూట్లు, అంటే రాయి ఎక్కడానికి బోల్టులు కొట్టిన దారులు, వేశారు. మొదట్లో నెలకి పదిమంది వచ్చేవాళ్ళు, ఇప్పుడు సెలవు రోజొస్తే బళ్ళు పెట్టడానికి చోటుండట్లేదు, పొలాల వాళ్ళు గొడవ పడుతున్నారు, ఊళ్ళో సగం మంది మూసెయ్యమంటుంటే మిగతా సగం దీనివల్ల నాలుగు డబ్బులొస్తాయేమో అంటున్నారు. మూసెయ్యకుండా నడిపే దారి ఉందా, ఊరికి నిజంగా ఏమైనా ఒరుగుతుందా అని అడిగారు.

దారి ఉందండి. ఒరుగుతుంది కూడా, కానీ దానంతటది ఒరగదు. ముందు కొండ మీదకి చూడ్డం ఆపి కొండ కిందకి చూడండి. ఇరవై ఏళ్ళకి పైగా రూట్లు వేస్తూ, పాత బోల్టులు మారుస్తూ, స్థలం ఓనర్లతో మాట్లాడే కమిటీల్లో కూర్చుంటూ నేను చూసిన గొడవల్లో రాతి మీద మొదలైనవి చాలా తక్కువ. బండి ఆపిన చోటు నుంచి రాయి అడుగుకి చేరే ఆ రెండు మూడొందల మీటర్లలోనే కథంతా నడుస్తుంది. పార్కింగు, కాలిబాట, గేటు, టాయిలెట్, అరుపులు, కుక్కలు. అవి సర్దితే మిగతావాటిలో చాలా భాగం వాటంతటవే సర్దుకుంటాయి.

మొదటి పని లెక్క. నోటుపుస్తకం పట్టుకుని ఒక నాలుగు సెలవు రోజులు, నాలుగు మామూలు రోజులు బళ్ళు ఆగే చోట కూర్చోండి. ఎన్ని బళ్ళు, బండికి ఎంతమంది, ఎన్నింటికి దిగారు, ఎన్నింటికి వెళ్ళారు, తాళ్ళు మోస్తున్నారా లేక బౌల్డరింగ్ ప్యాడ్లా (తాడు లేకుండా చిన్న బండలెక్కేవాళ్ళు కింద పరుచుకునే పరుపులు), కుక్కలున్నాయా, వెళ్ళేటప్పుడు ఊళ్ళో ఎక్కడైనా ఆగారా, ఇవన్నీ రాసుకోండి. మేమొక చోట ఇలా కూర్చునే ముందు ఊళ్ళో అందరూ వందల మంది వచ్చి పడుతున్నారని అంటుండేవాళ్ళు, తీరా లెక్కేస్తే రోజంతా కలిపి అరవై చిల్లర. కాకపోతే అందులో నలభై మందికి పైగా పొద్దున్న ఏడు నుంచి ఎనిమిదిన్నర లోపే దిగుతున్నారు, సరిగ్గా అదే టైముకి పాల వ్యాను ఆ సందులోంచే వెళ్ళాలి. ఊరు పడుతున్న బాధంతా ఆ గంటన్నరది. ఊరికి ఇవతల ఖాళీగా పడున్న ఒక చేను ఓనరుని ఒప్పించి బళ్ళు అక్కడ ఆపించాం, నడక పది నిమిషాలు పెరిగింది, రెండు నెలలు సణిగారు, తర్వాత ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. ఇంకో సంగతి, పార్కింగులో ఎన్ని బళ్ళు పడతాయో దాదాపు ఆ బళ్ళలో వచ్చినంతమందే కొండ దగ్గర ఉంటారు కాబట్టి మనుషుల్ని తగ్గించాలన్నా పెంచాలన్నా మీ చేతిలో ఉండే అన్నిటికన్నా సులువైన పట్టు అదే. టోకెన్లు, రిజిస్ట్రేషన్లు అవన్నీ తర్వాత మాట.

గేటు గురించి కూడా చెప్పాలి. ఇంకో చోట రెండేళ్ళు నడిచిన గొడవంతా ఒక్క గేటు మీద. క్లైంబర్లు తీసినవాళ్ళు మళ్ళీ వెయ్యడం మర్చిపోయేవాళ్ళు, గొర్రెలు రోడ్డెక్కేవి, వాటి ఓనరు, ఒక పెద్దాయన, చీకటి పడ్డాక వాటిని వెతుక్కుంటూ తిరిగేవాడు. మేము బోర్డు పెట్టాం, ఇంకా పెద్ద అక్షరాలతో రెండో బోర్డు పెట్టాం, ఏమీ మారలేదు. చివరికి ఆయనతోనే కూర్చుని మాట్లాడి గేటుకి తాళం వేయించి, పక్కన కంచె దాటడానికి నాలుగు చెక్క మెట్లు కట్టాం. ఒక పూట పని. ఆ తర్వాత ఆయన దగ్గర్నుంచి మళ్ళీ ఫిర్యాదు రాలేదు. ఆ పని మొదటి నెల్లోనే చేసుంటే ఆయన అన్ని రాత్రులు తిరిగే అవసరం ఉండేది కాదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

కాలిబాట విషయంలో ఒకటే సూత్రం, ఒక్క దారి ఉంచండి, మిగతా అడ్డదారులన్నీ కొమ్మలూ రాళ్ళూ వేసి మూసెయ్యండి. దారి నిట్టనిలువుగా దిగకుండా వంకరలు తిప్పండి, లేకపోతే వాన నీళ్ళు దాన్నే కాలవ చేసుకుంటాయి. రాయి అడుగున మనుషులు నిలబడి తాడు పట్టుకునే జాగా ఇంకా ముఖ్యం. అక్కడ రోజూ తొక్కుడుకి గడ్డి పోతుంది, తర్వాత మట్టి పోతుంది, తర్వాత చెట్టు వేర్లు బయటపడతాయి. అక్కడ దొరికే రాళ్ళతోనే చిన్న చిన్న మెట్టు గట్లు కట్టి మట్టి నిలబెట్టొచ్చు. ఇది ఊళ్ళో గట్లు కట్టడం తెలిసినవాళ్ళకి మాకన్నా బాగా వచ్చు, ఆ పని కూలి ఇచ్చి వాళ్ళ చేతే చేయించండి.

రాయి ఏ రకమో చూసుకోవాలి. గ్రానైట్ అయితే చాలా తట్టుకుంటుంది. మెత్తటి ఇసుకరాయి అయితే వేరే లోకం. అలాంటి ఒక రాయి పై అంచు మీద నేను చూశాను, తాళ్ళు కోసిన గాడిలో నా చూపుడు వేలు రెండో కణుపు దాకా దిగింది, దాని పక్కన ఇంకో గాడి, దాని పక్కన ఇంకోటి, దువ్వెన పళ్ళలాగా. గట్టి పైపొర పోయాక లోపలంతా ఇసుకే, గోటితో గీకితే రాలుతోంది. ఇంగ్లండ్ దక్షిణాన హారిసన్స్ రాక్స్ అని ఇలాంటి మెత్తరాయే ఉంది, బ్రిటిష్ మౌంటెనీరింగ్ కౌన్సిల్ దాని ఓనరు. అక్కడ పద్ధతి ఏంటంటే తాడుతో ఎక్కితే పైనుంచి తాడేసుకునే ఎక్కాలి, యాంకర్ (పైన తాడు కట్టే ఆధారం) నుంచి కదలని తాడొకటి అంచు దాటి కిందకి వేలాడాలి, ఎక్కే తాడు తగిలించే క్యారాబినర్ అనే లోహపు కొక్కెం అంచు కన్నా కిందుండాలి, అప్పుడు కదిలే తాడు రాయిని రాసుకోదు. పైగా ఇసుకరాయి తడిస్తే బలం పోతుంది, వాన పడ్డాక ఆరేదాకా ఎక్కనివ్వకూడదు, పట్టు విరిగితే మనిషీ పడతాడు, రూటూ పోతుంది. మీది ఇసుకరాయైతే ఈ రెండు నియమాలూ ఎల్లుండి నుంచి కాదు, రేపట్నుంచే పెట్టండి.

టాయిలెట్ గురించి ఎవరూ మాట్లాడరు కానీ ఊరివాళ్ళ కోపంలో సగం అక్కడిదే. పార్కింగు దగ్గర ఒకటి కట్టించండి, కడిగే మనిషికి జీతం ముందే ఏర్పాటు చెయ్యండి. కట్టి కడగకుండా వదిలేసేదానికన్నా కట్టకపోవడమే నయం.

ఇప్పుడు అసలు చిక్కు. నోటిమాట పర్మిషన్ మీద కొండ నడపొద్దు. పాతాయన సరేనన్నాడు, ఆయన పోయాక కొడుకొచ్చాడు, లేదా స్థలం అమ్మేశారు, మర్నాడు దారి బంద్. ఇది నేను ఒకటికి నాలుగుసార్లు చూశాను. ఏ దారిన నడవొచ్చు, ఎక్కడ ఆపొచ్చు, ఎవరు శుభ్రం చేస్తారు, ఓనరు వద్దంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, ఇవి ఒక్క పేజీలో రాసుకున్నా చాలు. ఓనర్లందరి భయం ఒక్కటే, ఎవడైనా పడి చస్తే నా మెడకి చుట్టుకుంటుందా అని. ఇది దేశాన్ని బట్టి చట్టం. అమెరికాలో అయితే రాష్ట్రాలన్నిట్లో వినోదం కోసం ఉచితంగా జనాన్ని రానిచ్చే భూమి ఓనరుకి కొంత రక్షణ ఇచ్చే చట్టాలున్నాయి, అదే ఓనరు ఎంట్రీ ఫీజు తీసుకుంటే చాలాచోట్ల ఆ రక్షణ పోతుంది. అందుకే ఊళ్ళో ఎవరైనా టికెట్ పెడదాం అనగానే ముందు మీ దగ్గరి లాయరుకి చూపించండి, నాలుగు డబ్బులకి పోయి పెద్ద బాధ్యత నెత్తినేసుకున్నట్టు కాకూడదు. ఆ దేశంలోనే ఇలా మూతపడే కొండల కోసం 1991లో యాక్సెస్ ఫండ్ అనే సంస్థ పుట్టింది, అవసరమైతే స్థలం కొనేస్తారు, ఓనర్లతో ఒప్పందాలు రాయిస్తారు. కెంటకీలో మ్యూర్ వ్యాలీ అనే లోయని ఒక దంపతులు సొంతంగా కొని, క్లైంబర్లకి తెరిచి, 2015లో దాన్ని నడిపే సంఘానికే రాసిచ్చేశారు. అందరికీ అలాంటివాళ్ళు దొరకరు, కానీ భూమి ఎవరి చేతిలో ఉందన్నదే చివరికి కొండ బతుకుని తేలుస్తుందని చెప్పడానికి అంటున్నా.

బోల్టుల సంగతి ఊరు నెత్తినేసుకోవద్దు, ఆ బాధ్యత క్లైంబర్ల సంఘం రాతపూర్వకంగా తీసుకోవాలి. కానీ మీకు తెలిసుండాలి కాబట్టి చెప్తున్నా. ఒకసారి పాత రూటు మీద బోల్టులు మారుస్తున్నా, హ్యాంగర్ (తాడు తగిలించడానికి బోల్టుకి బిగించే రేకు) చూస్తే తళతళలాడుతోంది, చిన్న మచ్చ కూడా లేదు, రెంచి పెట్టి సగం చుట్టు తిప్పకముందే బోల్టు తల ఊడి నా చేతిలోకొచ్చింది. లోపల కాడ అంతా ఎర్రటి పొడి. హ్యాంగరేమో స్టెయిన్‌లెస్, బోల్టేమో మామూలు ఇనుము మీద జింకు పూత, రెండు లోహాలు తడిలో కలిస్తే తక్కువ రకందాన్ని ముందు తుప్పు తినేస్తుంది, పైగా అక్కడ రాతి పగుల్లో ఏడాదంతా నీళ్ళు కారతాయి. దాని మీద అంతకు ముందు వారం కూడా జనం ఎక్కి పడుతూనే ఉన్నారు. సముద్రం పక్కన సున్నపురాయైతే ఇంకా కష్టం, థాయిలాండ్‌లో రైలే, టోన్‌సాయ్ గోడల మీద మంచి స్టెయిన్‌లెస్ బోల్టులే కంటికి కనపడని పగుళ్ళు పట్టి కొన్నేళ్ళకే విరిగాయి, అందుకే అక్కడ ఇప్పుడు జిగురుతో అతికించే టైటానియం వాడుతున్నారు. ఏ రూటు మీద ఏ బోల్టు, ఏ లోహం, ఏ తేదీన వేశారు, ఎవరు వేశారు అని ఒక రిజిస్టర్ ఉండాలి. కొత్త రూటు ఎవడికి తోచినట్టు వాడు వేసుకోకుండా ఇద్దరు ముగ్గురు చూసి ఒప్పుకున్నాకే డ్రిల్ బయటికి తియ్యాలి.

పక్షులూ మొక్కలూ. కొండచరియల్లో గూడు పెట్టే డేగలు ఉంటే ఆ గోడ గూడు కాలం వరకూ మూసెయ్యాలి. పెరెగ్రిన్ ఫాల్కన్ అనే డేగ అమెరికాలో డీడీటీ అనే పురుగుమందు వల్ల దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, 1972లో డీడీటీ నిషేధించారు, 1999కి ఆ పక్షి అంతరించే జాతుల జాబితా నుంచి బయటికొచ్చింది, అది కోలుకునే ఆ ఏళ్ళల్లో చాలా గోడలు గూళ్ళ సీజన్లో మూసి ఉంచారు, క్లైంబర్లు పాటించారు, ఇప్పటికీ పాటిస్తున్నారు. ఇక్కడ నా అనుభవం ఏంటంటే కొండంతా ఆర్నెల్లు మూసేస్తే ఎవరూ వినరు, ఈ గూడు నుంచి ఇటు ఇన్ని రూట్లు, అటు ఇన్ని రూట్లు, పిల్లలు ఎగిరిపోయిన రోజున తెరుస్తాం అంటే వింటారు. తెరుస్తామన్న రోజున నిజంగా తెరవాలి. ఒక ఏడాది మేము పిల్లలు ఎగిరిపోయి నెల దాటినా బోర్డు తియ్యలేదు, బద్ధకం, అంతే. మరుసటేడు సగం మంది బోర్డుని లెక్కచెయ్యలేదు, ఆ ఏడు గూడు వదిలేసి పోయాయి. గూడు ఎక్కడుందో చెప్పేది కూడా ఎక్కువగా అక్కడ మేకలు కాసేవాళ్ళే, బైనాక్యులర్ పట్టుకుని మేము వారం వెతికింది వాళ్ళు వేలెత్తి చూపించేస్తారు.

మొక్కల్ని మాత్రం జనం తేలిగ్గా తీసుకుంటారు, రూటు శుభ్రం చేస్తున్నాం అని పగుల్లో ఉన్న ప్రతి పిచ్చి మొక్కా పీకేస్తారు. కెనడాలో నయాగరా ఎస్కార్ప్‌మెంట్ చరియల మీద పెరిగే వైట్ సీడార్ అనే బక్కపల్చటి చెట్ల వయసు 1980ల చివర్లో శాస్త్రవేత్తలు లెక్కపెడితే కొన్ని వెయ్యేళ్ళు దాటాయి. చూడ్డానికి గిడసబారిన పొదలా ఉంటాయి, ఎవడో ఒకడు కాలు పెట్టుకోడానికి అడ్డంగా ఉందని రంపం తియ్యడానికి ఒక్క నిమిషం చాలు. చేతులు జారకుండా రాసుకునే తెల్లపొడి, చాక్, కూడా అంతే, స్విట్జర్లాండ్‌లో 2020లో వచ్చిన ఒక అధ్యయనం చాక్ పేరుకున్న బండల మీద ఫెర్న్‌లూ నాచూ మొలకెత్తడం దెబ్బతింటోందని చూపించింది. అందుకని నా సలహా, కొత్త గోడ తెరిచే ముందు మొక్కలు తెలిసిన మనిషిని ఒక్కరోజు తీసుకెళ్ళి చూపించండి, కొంత భాగం ఎప్పటికీ రూట్లు వెయ్యకుండా వదిలెయ్యండి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పదల్చుకున్నది ఇది. ఆ కొండ క్లైంబర్లు రాకముందు ఎవరిది, ఎవరికి ఏమవుతుంది, ఆ ప్రశ్న మొట్టమొదట అడగండి. ఎవరైనా మొక్కే చోటైనా, పాత బొమ్మలున్న చోటైనా తర్వాత సర్దుబాటు చాలా కష్టం. అమెరికాలో డెవిల్స్ టవర్ ఇరవైకి పైగా తెగలకి పవిత్రమైనది, 1995లో వచ్చిన ప్లాన్ ప్రకారం జూన్ నెలంతా ఎక్కొద్దని కోరారు, బలవంతం లేదు, అడిగారంతే, ఎక్కేవాళ్ళు బాగా తగ్గారు. అదే టాహో సరస్సు దగ్గర కేవ్ రాక్ వాషో తెగకి పవిత్రం, అక్కడ సర్దుబాటు కుదర్లేదు, 2003లో నిషేధం నిర్ణయం వచ్చింది, కోర్టుకెళ్ళినా 2007లో నిషేధమే నిలబడింది, తర్వాత బోల్టులు కూడా పీకేశారు. టెక్సస్ హ్యూకో ట్యాంక్స్‌లో వేలకొద్దీ పాత రాతి చిత్రాలున్నాయి, 1998 నుంచి కట్టడి పెట్టారు, సొంతంగా తిరిగే భాగంలో ఒకేసారి డెబ్బై మందికి మించి ఉండకూడదు, లోపలికి వెళ్ళే ముందు వీడియో చూడాలి, మిగతా భాగాలకి గైడు వెంట వెళ్ళాలి. ఆస్ట్రేలియాలో గ్రాంపియన్స్, అక్కడి మూలవాసుల పేరు గారివెర్డ్, 2019లో ఒక్కసారిగా పెద్ద పెద్ద భాగాలు మూసేసేసరికి ప్రపంచమంతా తెలిసిన గోడలు పోయాయని క్లైంబర్లు గగ్గోలు పెట్టారు. నా అభిప్రాయం అడిగితే, క్లైంబర్లు పదేళ్ళ ముందే ఆ మూలవాసుల పెద్దల దగ్గరికెళ్ళి కూర్చుని ఉండాల్సింది. మూసెయ్యమంటే కొన్ని గోడలు మూసెయ్యాలి, అది ఓడిపోవడం కాదు, నేను ఇష్టపడి వేసిన రెండు రూట్లు అలా వదిలేశాను.

ఇక ఊరికి ఏమొస్తుందన్నది. గ్రీస్‌లో కాలిమ్నోస్ దీవి చూడండి, తరాలుగా సముద్రంలో మునిగి స్పాంజీలు తీసి బతికిన ఊళ్ళు, 1986లో స్పాంజీలకి తెగులు తగిలి ఆ బతుకుతెరువు దెబ్బతింది. 1996లో ఆంద్రియా ది బారి అనే ఇటలీ క్లైంబర్ అక్కడి సున్నపురాయి గోడలు చూసి రూట్లు మొదలుపెట్టాడు, ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి వస్తారు. అందులో నాకు నచ్చేది ఏంటంటే క్లైంబర్లు వచ్చేది ఎండాకాలం టూరిస్టులు రాని వసంతంలో, శరదృతువులో, అంటే ఖాళీగా ఉండే గదులు ఆ నెలల్లో నిండుతాయి. కెంటకీలో రెడ్ రివర్ గార్జ్ చుట్టుపక్కల చాలా పేద జిల్లాలు, అక్కడి యూనివర్సిటీ వాళ్ళు 2015 ప్రాంతంలో లెక్కేస్తే క్లైంబర్ల ఖర్చే ఏడాదికి 30 లక్షల డాలర్లు దాటింది. ఆ లెక్క చేతిలో ఉండబట్టే అక్కడి అధికారులు క్లైంబర్లని లెక్కలోకి తీసుకున్నారు, ఇందాక మిమ్మల్ని నోటుపుస్తకం పట్టుకోమంది అందుకే కూడా.

కానీ జాగ్రత్తగా వినండి, డబ్బు దానంతటది ఊళ్ళో ఆగదు. క్లైంబర్ పొద్దున్నే వస్తాడు, సంచిలో తెచ్చుకున్నది తింటాడు, సాయంత్రం వెళ్ళిపోతాడు, చెత్త మీకు, ఖర్చు పట్నంలో. అతను ఒక రాత్రి ఉండే వీలుంటేనే మీకు మిగులుతుంది. టెంటు వేసుకునే చోటు, రెండు మూడు గదులు, పొద్దున్నే తెరిచే తిండి దుకాణం, స్నానానికి నీళ్ళు, ఇంతే కావాలి, పెద్ద హోటల్ అక్కర్లేదు, పెద్ద హోటల్ వస్తే డబ్బు మళ్ళీ బయటికే పోతుంది. ఊరి కుర్రాళ్ళకి బిలే పట్టడం (ఎక్కేవాళ్ళు పడిపోకుండా కింద నుంచి తాడు పట్టుకోవడం), గైడు పని, రెస్క్యూ నేర్పించండి. ఎవరైనా పడ్డప్పుడు మొదట చేరేది ఊరివాళ్ళే, స్ట్రెచర్ మొయ్యడం నేర్చిన ఆరుగురు ఉంటే ఆ కొండకి అంతకన్నా పెద్ద ఆస్తి లేదు. నాకు తెలిసిన ఒక చోట ఇలా నేర్చుకున్న అమ్మాయి ఇప్పుడు ఆ కొండ బోల్టుల రిజిస్టర్ చూస్తోంది, మేము వేసిన దానిలో తప్పులు పట్టి చెప్తుంది, ఆమె మాట మీదే రూట్లు మూస్తారు, తెరుస్తారు.

ఇంకో చిక్కు, శబ్దం భరించేది ఒకరు, లాభం వచ్చేది ఇంకొకరు. బళ్ళు వెళ్ళే సందులో ఇల్లున్న ముసలావిడకి రోడ్డు చివరి కొట్టు గల్లా నిండితే ఏం లాభం? లాయరు చూసి సరేనన్నాక పార్కింగ్ రుసుము పెడితే, అందులో కొంత ఆ సందు బాగుకి, టాయిలెట్ కడిగే జీతానికి అని ముందే రాసుకోండి, ఎంత వచ్చింది ఎంత పోయింది అని నెలనెలా గోడకి అంటించండి. ఇళ్ళ అద్దెలు పెరగడం, నీళ్ళు చాలకపోవడం లాంటివి పేరు బాగా వచ్చిన చోట్ల నిజంగా జరుగుతాయి, అందుకే కొండ పేరు పెరగకముందే ఇంతమందికి మించి వద్దు అనే అంకె ఒకటి పెట్టుకోవాలి.

మూసెయ్యమనే సగం మందిని కూడా కమిటీలో కూర్చోబెట్టండి. వాళ్ళ ఫిర్యాదుల చిట్టాయే మీ పనుల జాబితా. క్లైంబర్లు ఇద్దరు, భూమి ఓనర్లు ఇద్దరు, సందులో ఉండేవాళ్ళు ఇద్దరు, అటవీ శాఖో మరొకటో వాళ్ళ భూమి ఉంటే వాళ్ళ మనిషి ఒకరు, చాలు. మొదటి మీటింగ్ కొండ దగ్గరే పెట్టి అందరూ కలిసి బండి ఆపే చోటు నుంచి రాయి దాకా ఒకసారి నడవండి.

మీ కొండ రాయి ఏ రకం, భూమి ఎన్ని చేతుల్లో ఉంది, బోల్టులు ఏ ఏడాది వేశారు, ఈ మూడూ కింద రాయండి. ఫొటో పెడితే, ముఖ్యంగా రాయి అడుగున మట్టి కనపడేలా, పార్కింగు ఎక్కడికి మార్చొచ్చో, ఏ గోడ ముందు చూడాలో చెప్తాను.